సగం నల్ల అద్దం

రాత్రంతా దీపం దగ్గర కూర్చునేవాడు పొద్దున పడుకుంటాడు. కిలేండో దీవిలో ఈ సంగతి మేకలకు కూడా తెలుసు. నా గుమ్మం ముందు అవి కూడా అరవవు. పట్నం నుంచి వచ్చిన ఆ ఇద్దరూ కూడా మర్యాదగా నన్ను లేపలేదు. లేపి ఉంటే బాగుండేది.

వాళ్లను ముందురోజు సాయంత్రం మరపడవ దింపి వెళ్లింది. ఒకామె దీపస్తంభాల శాఖలో పనిచేసే జకియా. ముప్పై ఏళ్లుంటాయి, చంకలో కాగితాల కట్ట. రెండోవాడు రజబు, రంగులు వేసేవాడు. మా దీపస్తంభానికి వచ్చే నెల వందేళ్లు నిండుతాయట. పెద్దలు ఓడలో వస్తారట. అందుకని గోడకు సున్నం, తలుపుకు రంగు, పక్కన చరిత్ర, విశేషాలు రాసిన రేకు పలక. దింపిన పడవ మళ్లీ మూడు రోజుల తర్వాత వస్తుంది.

జకియా ఇసుకలో కాలు పెడుతూనే నన్ను పేరుతో పిలిచి అడగడం మొదలుపెట్టింది.

"మెట్లు ఎన్ని ఫాకీ?"

"తొంభై ఆరు."

"మా కాగితంలో తొంభై ఏడు ఉన్నాయే."

"అయితే కాగితాన్నే ఎక్కమనండి."

రజబు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"కట్టింది ఇంగ్లీషు ఇంజినీరు కదా?"

"ఆయన నిలబడ్డాడు. రాళ్లు మోసింది మా తాతలు."

"అంత రాయడానికి పలక మీద చోటు లేదు" అంది.

ఆమె అడిగినదానికల్లా చెప్పాను. అడగనిది చెప్పడం నాకు అలవాటు లేదు. నల్ల అద్దాల సంగతి ఆమె అడగలేదు.

దీపం గదికి చుట్టూ పన్నెండు అద్దాలు. తొమ్మిదింటిని రోజూ తుడుస్తాను. ఊరివైపున్న మూడింటికి ఏటా వానలకు ముందు నల్లరంగు పూస్తాను. రెండింటికి నిండా, మూడోదానికి సగం. ఆ సగం దగ్గర నలుపు ఆగే అంచు నిలువుగా, చాకుతో కోసినట్టు ఉంటుంది. నాకు పని నేర్పిన ముసలాయన మకామే ఆ అంచు మీదే పూసేవాడు. ఆయనకు నేర్పినవాడూ అంతే. పాత అంచు ఉంటుంది, దాని మీద కొత్త రంగు పడుతుంది. అది అద్దం మీద ఎక్కడ ఉందో కొలవాల్సిన పని ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం నమాజు పిలుపుకు లేచాను. మొహం కడుక్కుని నూనె పోయడానికి పైకి వెళ్లాను. గదినిండా ఎండ. ఊరివైపు నుంచి ఎండ! పన్నెండు అద్దాలూ ఒకేలా మెరుస్తున్నాయి. కింద నేలంతా నల్లటి పొరలు, పాము కుబుసం విడిచినట్టు. వాటి మధ్య రజబు కూర్చుని కర్రపెండలం తింటున్నాడు.

"చూశావా అన్నా! వందేళ్ల మసి. గీకి గీకి రెండు బ్లేడ్లు అరిగిపోయాయి. ఇప్పుడు అద్దంలా ఉందా లేదా?"

"అది అద్దమే కదరా" అన్నాను.

జకియా మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. "ఏమైంది?"

"అది మసి కాదు, రంగు. నేను పూసిన రంగు."

"ఊరివైపు ఎందుకు పూస్తారు? మా పుస్తకంలో ఈ దీపం నలువైపులా వెలుగిస్తుందని ఉంది. పాత చిత్రంలో కూడా నల్ల అద్దాలు లేవు."

"మీ పుస్తకం చదివి చేపలకెళ్లేవాళ్లు ఈ దీవిలో లేరమ్మా."

తప్పనిసరి అయింది కాబట్టి చెప్పాను. ఒక్క రోజులో నేను మాట్లాడే మాటలన్నీ అక్కడే అయిపోయాయి. దీవి చుట్టూ రాతిగట్టు ఉంది. పోటు ఎంత ఉన్నా దాని మీద అల విరుగుతుంది, పడవను ఎత్తి కొడుతుంది. లోపలికి రావడానికి ఒకటే గండి, రెండు పడవలు పక్కపక్కన పట్టేంత. మావాళ్లు చీకటి పడ్డాక ఉత్తరం నుంచి గట్టు వెంబడే వస్తారు. కుడిచేతివైపు దీపం కనిపిస్తూ ఉంటుంది. ఆ సగం అద్దం నలుపు చాటుకు రాగానే దీపం ఆరిపోతుంది. ఆరిన చోట చుక్కాని తిప్పితే గండిలోకి వెళ్తారు. వాళ్లు వెలుగు చూసి దారి పట్టరు. వెలుగు పోవడం చూసి దారి పడతారు.

"ముసలాయన కాలంలో తుపానుకు ఒక అద్దం పగిలింది. తెల్లది బిగించి, రంగు రేపు వేద్దాం అనుకున్నారు. ఆ రాత్రి రెండు శవాలు వచ్చాయి. ఇవాళ తెల్లవారుజామున ఐదు పడవలు వెళ్లాయి. ఇరవై ఇద్దరు. మా ఆవిడ తమ్ముడు ఉస్సీ అందులోనే ఉన్నాడు. పొద్దు గుంకిన గంటకు వస్తారు."

జకియా మొహంలో రంగు పోయింది. నిజం చెప్పాలంటే మనిషి చెడ్డది కాదు. "అయితే ఈ ఒక్క పూట దీపం వెలిగించకుండా ఉంటే?"

"వెలగని దీపం ఎక్కడ ఆరిందో వాళ్లకెలా తెలుస్తుందమ్మా?"

"పడవ పంపి చెప్పిస్తే?"

"పడవలన్నీ వాళ్ల కిందే ఉన్నాయి. మీది ఎల్లుండి వస్తుంది."

రంగు పూస్తే సరిపోతుంది కదా అని రజబు అన్నాడు. సరే, మంచి మాటే. మెట్ల కింద నా నల్లరంగు డబ్బా ఉంటుంది, తీసుకురా అన్నాను. వాడు కదల్లేదు. బుర్ర గోక్కున్నాడు.

"అది... పలక మీద అక్షరాలు రాశానన్నా. పట్నం నుంచి తెల్లదే తెచ్చాను, నల్లది మర్చిపోయాను. నీ డబ్బా కనబడింది."

"ఎంత మిగిలింది?"

"రెండు చెంచాలుంటుంది."

ఇంక వాడిని తిట్టడం కూడా దండగ అనిపించింది. ఊళ్లోకి బయల్దేరాను. వాళ్లిద్దరూ నా వెనకే.

మా దీవిలో ఒక రోగం ఉంది. ఎంత తొందరలో ఉన్నా ఎదురైనవాడి క్షేమం పూర్తిగా అడగాలి, వాడు అడిగినదానికి పూర్తిగా చెప్పాలి. పైగా ఇల్లు అంటుకున్నా సరే, ముందు 'బాగానే ఉంది' అన్న తర్వాతే ఆ సంగతి చెప్పాలి. అలా కాకపోతే పెంపకం లేనివాడంటారు. పడవల పాక నీడలో కొంబో పెద్దయ్య, షాలీ కూర్చుని, వామనగుంటల్లాంటి బావో ఆట చెక్క మీద గింజలు పంచుతున్నారు.

"కాళ్లు పట్టుకుంటున్నా పెద్దయ్యా" అన్నాను.

"చల్లగా ఉండు. పొద్దెలా గడిచింది?"

"బాగానే గడిచింది."

"ఇంట్లో ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు."

"దీపం ఎలా ఉంది?"

"బాగానే ఉంది పెద్దయ్యా, కానీ నల్ల అద్దాలు గీకేశారు."

ఆయన గింజలు కింద పెట్టాడు. "ఆ మాట ముందు చెప్పొద్దట్రా?"

ఏం చెప్పను! ఎవరింట్లో అయినా నల్లరంగు ఉందా అని అడిగాను. దుకాణంలో ఆకుపచ్చ, తెలుపు తప్ప వేరే లేవు. ఆ సంగతి తెలిసినా షాలీ దుకాణం దాకా వెళ్లి అడిగి వచ్చాడు. దుకాణంవాడికీ క్షేమసమాచారాలు చెప్పి వచ్చాడు కాబట్టి అదొక పావుగంట. ఈలోగా జనం పోగయ్యారు. జకియా చేసిన తప్పుకు సిగ్గుపడిందేమో, వినయంగా ఒక మాట అడిగింది. అసలు ఆ మూడు అద్దాలకు మొదట నలుపు ఎవరు పూశారు, ఎందుకు పూశారు అని.

అయిపోయింది.

"మసీదు ముంగిట్లో వెలుగు పడి నమాజుకు అడ్డం వస్తోందని మా తాత అర్జీ పెట్టాడు" అన్నాడు కొంబో పెద్దయ్య.

"మీ తాతకు రాత వచ్చా?" అంది సితీ ముసలమ్మ. "మా అమ్మ ఆవుకు నిద్ర పట్టక పాలు ఇవ్వడం మానేసింది. అమ్మే వెళ్లి ఇంజినీరుతో పోట్లాడింది."

"మీ అమ్మకు ఆవెక్కడిది? మేకే గతిలేదు."

"ఆవే! నల్లావు!"

"కొత్తగా పెళ్లైనవాళ్లు గోల పెట్టారని మా నాన్న చెప్పేవాడు" అన్నాడు షాలీ. "దీపం వచ్చిన ఏడాది ఊళ్లో ఒక్క పిల్లా పుట్టలేదట."

అందరూ గొల్లున నవ్వారు. జకియా ఇసుకలో కూర్చుని అన్నీ రాసుకుంటోంది. రజబు తలూపుతూ వింటున్నాడు. ఎవరో కాఫీ పోశారు. నలుపు ఎందుకొచ్చిందో చెప్పడానికి పదిమంది ఉన్నారు. ఆ నలుపు ఇప్పుడు ఎక్కడినుంచి తేవాలో చెప్పేవాడు ఒక్కడూ లేడు. పొద్దు కొబ్బరిచెట్ల మీంచి వాలుతోంది.

"మీకు దండం పెడతాను, తర్వాత చెప్పుకోండి!" అని అరిచాను. నేను అరవడం ఎవరూ ఎన్నడూ వినలేదు. ఒక్కసారిగా ఊరుకున్నారు.

అప్పుడే రాతిగట్టు మీంచి ఆడవాళ్లు తిరిగి వస్తున్నారు. ముందు నా భార్య హిదాయా. నడుము దాకా తడిసి, భుజాన ఇనుపకర్ర, దానికి మూడు ఆక్టోపస్‌లు వేలాడుతున్నాయి. నన్ను చూసి ఆగింది. ఆమె మాత్రం క్షేమం అడగలేదు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఇంకా." చెప్పాను.

ఆక్టోపస్‌లను సితీ ముసలమ్మ చేతిలో పెట్టింది. "నలుపు కోసం దుకాణానికెందుకు పోయారు? మగాళ్లకు వంటింటి కుండ అడుగు ఎలా ఉంటుందో ఎప్పుడు తెలిసింది గనక! ఒసేయ్, ఎవరింట్లో కుండ వాళ్లు తెచ్చి మసి గీకండి. సొరచేప నూనెలో కలిపితే వానకు కూడా పోదు. పడవ అడుగులకు పూసేది అదేగా?"

అరగంటలో ఒక డబ్బా నిండా నల్లటి ముద్ద తయారైంది. వాసనకు రజబు ముక్కు మూసుకున్నాడు. గీకిన చేతులతోనే పూయాలి, పద అన్నాను. పైకెక్కి రెండు అద్దాలకు నిండా పూశాడు. మూడో అద్దం ముందుకు వచ్చి ఆగి నావైపు చూశాడు.

"ఎక్కడిదాకా అన్నా?"

అద్దం తుడిచిన పళ్లెంలా ఉంది. గీత లేదు, మరక లేదు. ఎంత బాగా గీకాడో! పన్నెండేళ్లుగా ఏటా ఆ అంచు మీద కుంచె నడిపాను. నా చెయ్యి దానికి తెలుసనుకున్నాను. చెయ్యి ఎత్తితే ఒకసారి ఇక్కడ అంటోంది, ఇంకోసారి నాలుగు వేళ్లు అవతల అంటోంది. అద్దం మీద నాలుగు వేళ్లంటే గట్టు దగ్గర ఊరంత దూరం.

"సుమారుగా వేసేద్దామా?" అన్నాడు రజబు.

నేను చూసిన చూపుకు కుంచె కింద పెట్టాడు.

ఆ అద్దంలోంచి చూస్తే గండి కనిపిస్తోంది, మైలు దూరంలో, తెల్లటి నురుగు మధ్య ముదురునీలం చీలిక. కానీ నేను ఎక్కడ నిలబడితే అది అక్కడికి జరుగుతోంది. చూడాల్సింది నా కంటితో కాదు, దీపం కంటితో. దీపం చుట్టూ మందపాటి కటకం, దాని మధ్యలో తల పెట్టలేను. చాలాసేపటికి తట్టింది. దీపం నెత్తిన పొగగొట్టం సరిగ్గా వత్తి మీదే ఉంటుంది. దానికి గాలపు తాడు కట్టి అద్దం దాకా లాగి, స్టూలు మీద నిలబడి తాడు వెంబడి చూస్తే అది దీపం చూపే. అయితే ఇంత దూరం నుంచి గండి ఉత్తరపు కొస, మేం పెదవి అంటాం, ఏ రాయి దగ్గర మొదలవుతుందో నురుగులో తేలదు. అక్కడ ఒక మనిషి నిలబడాలి. పోటు మొదలై గంట దాటింది.

కిందికి దిగి హిదాయాతో చెప్పాను. అప్పటికే తడిబట్టలు పిండుకుంటోంది.

"ఇప్పుడా? ఇప్పుడే కదా వచ్చాను!"

"గండి పెదవి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

"పొగడకు, నీకు రాదు." పిండిన బట్ట మళ్లీ చుట్టుకుంది. "అద్దాలు గీకింది వాళ్లు. నిద్రపోయింది నువ్వు. మెడలోతు నీళ్లలో నిలబడేది నేను. మా తమ్ముడు రానీ, వాడికి చెప్తాను." ఎర్ర పైబట్ట ఇనుపకర్రకు కట్టుకుని వెళ్లిపోయింది.

పైనుంచి చూస్తూ ఉన్నాను. గట్టు చేరేసరికి నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ఎర్రబట్ట ఒక చుక్కలా ఊగింది. జకియా అద్దం దగ్గర తాడు కొస పట్టుకుంది. నేను స్టూలెక్కి ఒక కన్ను మూశాను.

"ఎడమకు. ఇంకా. ఎక్కువైంది. కొంచెం కుడికి."

"ఈ పద్ధతి మీకు ముసలాయన నేర్పారా?"

"చెయ్యి కదపకండమ్మా."

"మొదట పూసినవాళ్లు కూడా ఇలాగే చేసి ఉంటారా?"

"చెయ్యి!"

మాట్లాడినప్పుడల్లా ఆమె చెయ్యి జరుగుతోంది. మళ్లీ మొదటికి. అటు అల వచ్చినప్పుడల్లా ఎర్రచుక్క మాయమై తేలుతోంది. మూడుసార్లు కుదిరినట్టే కుదిరి తప్పింది. చివరికి తాడు, చుక్క ఒకటయ్యాయి. జకియా ఊపిరి బిగబట్టి గోటితో గీత పెట్టింది. రజబు ఆ గీత మీద తాడు నిలువునా వేలాడదీసి కుంచె నడిపాడు. వాడి పని వాడికి వచ్చు, అంచు చాకుతో కోసినట్టే వచ్చింది. బయటి నడవాలోకి వెళ్లి చొక్కా విప్పి ఊపాను. చుక్క కదిలింది. ఒడ్డువైపు, చాలా నెమ్మదిగా.

పొద్దు గుంకగానే దీపం వెలిగించాను. పంపుతో గాలి కొట్టి మంట తెల్లగా అయ్యేదాకా చూశాను. ఊరివైపు చీకటి పడింది, పడాల్సినట్టే.

మావాళ్లు గండి దాటగానే శంఖం ఊదుతారు. ఒక్కో పడవకు ఒక్కో ఊపు. ఒడ్డున ఉన్నవాళ్లు పొయ్యి మీద గంజి పెట్టేది అది విన్నాకే. ఇవాళ ఎవరూ అసలు పొయ్యే వెలిగించలేదు. పైనుంచి చూస్తే ఇళ్ల దగ్గర ఎర్రటి మచ్చ ఒక్కటీ లేదు. అందరూ ఒడ్డునే ఉన్నారు, మాటలు వినిపించడం లేదు. ఇంత నిశ్శబ్దం మధ్యాహ్నం ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

రావాల్సిన వేళ దాటింది. జకియా మెట్ల మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. వచ్చినప్పటినుంచి మొదటిసారి ఏమీ అడగడం లేదు. రజబు చేతుల మసిని ప్యాంటుకు తుడుస్తూ ఉన్నాడు, ఎంత తుడిచినా పోదు. నేను నడవాలో నిలబడ్డాను. సముద్రం మీద ఏమీ కనబడదు, అయినా చూశాను.

గట్టు వైపు ఒక కేక. మనిషి కేకే. తర్వాత ఏమీ లేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాను.

ఆ వెనక శంఖం మోగింది. కాస్త ఆగి ఇంకోటి. మూడోది. నాలుగోది ముక్కుతూ మూలుగుతూ మోగింది, అది ఖతీబు మామ ఊదేది, ఆయనకు పళ్లు లేవు. ఐదోదానికి నేను అల్లాను తలుచుకున్నంత గట్టిగా మసీదులో కూడా తలుచుకోలేదు. అది కూడా మోగింది.

జకియా ఏడ్చింది. రజబు ఆమెకు తుడుచుకోమని తన చేతిగుడ్డ ఇచ్చాడు. ఆమె మొహమంతా మసి అయింది.

గంట కాకముందే కింద తలుపు దభీమని తెరుచుకుంది. ఉస్సీ గొంతు మెట్లెక్కుతూ వస్తోంది. వెనక వాళ్లక్క.

"బావా! ఏం తాగి పూశావు? దీపం ఒక పడవ పొడవు ముందే ఆరిపోయింది. నేనే ముందున్నాను. తిప్పానో లేదో అడుగు రాయికి గీరుకుంది, చుక్కాని చెక్క విరిగింది. గొంతు చించుకుని అరిచాను కాబట్టి వెనకవాళ్లు దూరం జరిగి వచ్చారు. లేకపోతే ఐదు పడవలకూ ఇదే గతి!"

"పడవ పొడవా?"

"పడవ పొడవే! నాకు తెలీదా?"

నేను హిదాయావైపు తిరిగాను. "పెదవి మీదే నిలబడ్డావా?"

"పెదవి మీదే. నీళ్లు గడ్డం దాకా వచ్చాక రెండు మూడడుగులు ఉత్తరానికి జరిగాను. అక్కడ రాయి ఎత్తు."

"జరిగావా? జరిగితే నాకు చెప్పొద్దూ?"

"మైలు దూరం నుంచి ఎలా చెప్పను? ఉత్తరం రాయనా? నువ్వు తాడు పట్టుకుని గంటసేపు ఆడుకుంటుంటే నేను మునిగిపోవాలా?"

"గంట పట్టింది నావల్ల కాదు. ఈమె చెయ్యి..." అని జకియావైపు చూశాను. మసిమొహంతో ఆమె తల దించుకుంది.

"రేపు ఒక పూట పడవలు వెళ్లవు" అన్నాను ఉస్సీతో. "మధ్యాహ్నం ఆటు బాగా తీశాక నువ్వెళ్లి పెదవి మీద నిలబడు. జరక్కు. అంచు సరిచేస్తాను."

"నేనా? చుక్కాని ఎవరు బాగుచేస్తారు? అయినా పెదవంటే ఏ రాయి? అక్క చెప్పేది తెల్లరాయి. మేం తిరిగేది దాని అవతల పగిలిన రాయి దగ్గర."

"పగిలిన రాయి కాదు, తెల్లరాయే" అంది హిదాయా. "పుట్టినప్పటినుంచి ఆ గట్టు మీద నడిచింది నేను."

"నడిచేదానికి, పడవ నడిపేదానికి తేడా లేదా అక్కా? ఖతీబు మామను అడుగు."

"పళ్లు లేని ఆయనకేం తెలుసు!"

"రాయి చూడ్డానికి పళ్లెందుకే?"

ఇద్దరూ అరుచుకుంటూ మెట్లు దిగారు. కింద ఖతీబు మామ కూడా వచ్చినట్టున్నాడు, మూడో గొంతు కలిసింది. ఆయన మూడో రాయి పేరు చెబుతున్నాడు. జకియా కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని కింది మాటలు వింటోంది, పెన్ను మాత్రం తియ్యలేదు.

"ఫాకీ, ఈ ముగ్గురిలో ఎవరు చెప్పేది నిజం?"

"రేపు ముగ్గుర్నీ నిలబెట్టి చూడాలి" అన్నాను. "మీరు తాడు పట్టుకోవాలి. మాట్లాడకుండా."

సరేనంది. మంట పసుపు తిరుగుతోంది. లేచి గాలి కొట్టాను.